శవానికీ స్థానికత రుజువు! ఇదేనా ఇంగ్లీషు చట్టం నేర్పిన సమన్యాయం?

నల్లకోటు తొడుక్కున్న పెద్దమనుషులు మనకు ఎప్పుడూ ఒకటే పాఠం చెప్తరు. చట్టం ముందు అందరూ సమానం అన్న మాట ఇంగ్లండులోనే పుట్టిందట. 1215లో రన్నీమీడ్ అనే పచ్చికబయలులో జాన్ రాజు మాగ్నా కార్టా మీద ముద్ర వేసిండట. ఆ దినం నుంచే మనిషికి హక్కులొచ్చినయట. లా కాలేజీ పిల్లలు దీన్నే బట్టీ పడ్తరు. సభల్లో, సన్మానాల్లో దీన్నే వల్లిస్తరు. మేము అడిగేది ఒక్కటే. ఆ కాయితంలో 'మనిషి' అంటే ఎవరు? అదే దేశంలో, అదే కాలంలో, కోర్టు గడప తొక్కినోన్ని 'నీకు జరిగిన అన్యాయమేంది' అని అడగకముందే 'నువ్వు ఏ జాతోనివి' అని ఎందుకు అడిగిన్రు? ఈ ప్రశ్నకు జవాబు మన పాఠ్యపుస్తకాల్లో కనపడదు. అందుకే ఇవ్వాళ ఆ గుట్టు విప్పుతున్నం.

ముచ్చట మాగ్నా కార్టా దగ్గర మొదలుపెడితే సగమే తెలుస్తది. నూటయాభై ఏండ్లు వెనకకు పోవాలె. 1066 అక్టోబర్ 14న హేస్టింగ్స్ దగ్గర నార్మండీ డ్యూకు విలియం ఇంగ్లండు రాజు హెరాల్డును ఓడించిండు. సముద్రం దాటి వచ్చిన దండు ఏలికలైన్రు. ఇరవై ఏండ్లు తిరిగేసరికి, 1086లో డూమ్స్‌డే అనే భూముల లెక్క పుస్తకం తయారైంది. రాజు నుంచి నేరుగా పెద్ద ఎత్తున భూములు పట్టుకున్న దొరల్లో ఇంగ్లీషువాళ్లు అప్పటికి ఇద్దరే మిగిలిన్రు. ఒకరు ఆర్డెన్ థర్కిల్, ఇంకొకరు లింకన్ కోల్స్‌వెయిన్. బిషప్పుల్లో చివరికి మిగిలింది వుల్ఫ్‌స్టన్ ఒక్కడే, 1095లో ఆయనా పోయిండు. భూమి పోయింది, చర్చి పెత్తనం పోయింది, కొలువు పోయింది. కోటలో మాట్లాడేది ఫ్రెంచి, కాయితం మీద రాసేది లాటిన్. నాగలి పట్టినోని నోట్లో మాత్రమే ఇంగ్లీషు మిగిలింది. సొంత గడ్డ మీద పరాయివాడు కావడమంటే ఇదే.

ఇగ చట్టం ఏం చేసింది? కొత్త ఏలికల ప్రాణానికి ఒక రేటు కట్టింది. వచ్చినోళ్లు కొద్దిమంది, ఉన్నోళ్లు లక్షల మంది. ఒంటరిగా దొరికిన నార్మన్ వాళ్లను అడవుల్లో, చాటు జాగల్లో మట్టుబెడుతున్నరు. అందుకు విరుగుడుగా 'మర్డ్రమ్' అనే జుర్మానా పెట్టిన్రు. మనం ఇవ్వాళ మర్డర్ అంటున్న మాట దానికి చుట్టమే. నార్మన్ శవం దొరికితే హంతకుణ్ని అతని దొర ఐదు రోజుల్లో పట్టియ్యాలె. పట్టియ్యకపోతే 46 మార్కుల వెండి రాజుకు కట్టాలె అని విలియం పేరు మీద ఉన్న చట్టాల పాఠం చెప్తది. దొర ఆస్తి చాలకపోతే మిగతాది ఆ 'హండ్రెడ్' మొత్తం, అంటే మన లెక్కన ఒక పరగణా జనం మొత్తం, నెత్తిన వేసుకోవాలె. ఒక మార్కుకు 160 పెన్నీలు. 46 మార్కులంటే 7,360 పెన్నీలు. తర్వాత తర్వాత వసూలు రేటు తగ్గిందిగానీ, పద్ధతి మారలేదు. తప్పు ఎవడు చేసినా దండుగ ఊరు కట్టుడే.

మరి ఇంగ్లీషోడు చస్తే? దండుగ లేదు. పైసా లేదు. ఇక్కడనే ఉన్నది అసలు మతలబు. శవం దొరికితే అది నార్మన్ శవమే అని చట్టం ముందే అనుకుంటది. కాదు, ఇంగ్లీషోనిదే అని రుజువు చేయాల్సిన భారం ఊరి మీద. దీనికి 'ఇంగ్లీషరీ' రుజువు అని పేరు. చచ్చినోని చుట్టాలు కరోనర్ ముందట, తర్వాత ఊరూరూ తిరిగే రాజు జడ్జీల ముందట నిలబడాలె. తండ్రి వైపు వాళ్లు ఇంతమంది, తల్లి వైపు వాళ్లు ఇంతమంది అని కౌంటీకో లెక్క ఉండె. 'వీడు మావాడే అయ్యా, వీడు ఇంగ్లీషోడే' అని చెప్పాలె. ఆ మాటకు అర్థమేంది? 'వీని ప్రాణానికి విలువ లేదు దొరా, మా మీద దండుగ వెయ్యకండి' అని. ఇంట్లో పీనుగ ఉండగా, కండ్లల్ల నీళ్లు ఆరకముందే, చచ్చినోడు అగ్గువ మనిషని సొంత రక్తమే సాక్ష్యం చెప్పాలె! లోకంలో జుర్మానాలు ఎన్నో ఉన్నయి. చుట్టాల నోటితోనే చచ్చినోని విలువ తీయించిన జుర్మానా ఇంకోటి ఉంటే చూపించున్రి.

బతికున్నోళ్ల సంగతీ అంతే. ఆ విలియం చట్టాల ప్రకారం ఫ్రెంచివాడు ఇంగ్లీషోని మీద ఖూనీ, దొంగతనం లాంటి నేరం మోపితే, ఇంగ్లీషోడు ద్వంద్వయుద్ధమన్నా చేయాలె, కాల్చిన ఇనుము పట్టుకునే దివ్యపరీక్షకన్నా ఒప్పుకోవాలె. అదే ఇంగ్లీషోడు ఫ్రెంచివాని మీద నేరం మోపి, ఆ పరీక్షలకు తాను సిద్ధపడకపోతే, ఫ్రెంచివాడు ఒక ప్రమాణం చేసి ఇంటికి పోవచ్చు. ఒకరికి కాలే ఇనుము, ఇంకొకరికి ఒట్టి మాట. సమన్యాయం ఇక్కడనే పుట్టిందంటరు మనోళ్లు!

వందేండ్లు గడిచినయి. నార్మన్లు ఇంగ్లీషు ఆడపిల్లలను పెండ్లాడిన్రు, పిల్లలు పుట్టిన్రు, రక్తాలు కలిసినయి. రాజు ఖజానాలో పెద్ద కొలువు చేసిన రిచర్డ్ ఫిట్జ్‌నైజెల్ 1170ల చివరలో ఖజానా పని గురించి ఒక పుస్తకం మొదలుపెట్టిండు. స్వేచ్ఛ ఉన్నోళ్లలో ఎవడు ఇంగ్లీషు, ఎవడు నార్మన్ అని ఇప్పుడు చెప్పడం కష్టమని ఆయనే ఒప్పుకున్నడు. మరి జుర్మానా ఎత్తేసిన్రా? ఎత్తెయ్యలేదు. వెట్టివాడని స్పష్టంగా తెలిసిన మనిషి తప్ప ఎవడు చంపబడ్డా దండుగ వసూలు చేసుడే అని ఆ పుస్తకమే చెప్తది. జాతి పేరు మీద పెట్టిన పన్ను, జాతి తేడా మాసిపోయినా మాసిపోలేదు. కారణం ఖజానాను అడగాలె. ప్రమాదంలో పోయినోని మీద కూడా ఈ దండుగ పిండిన్రు. అది కూడదని 1259లో వెస్ట్‌మినిస్టర్ నిబంధనల్లో, మళ్లీ 1267లో మార్ల్‌బరో చట్టంలో రాసుకోవాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోవచ్చు. మొత్తం ఇంగ్లీషరీ రుజువును ఎత్తేసింది 1340లో, మూడో ఎడ్వర్డు ఫ్రాన్సు యుద్ధానికి పైసలు కావాలని పార్లమెంటు ముందట చేయి చాపినప్పుడు. హేస్టింగ్స్ నుంచి లెక్కపెడితే 274 ఏండ్లు! అది కూడా న్యాయం తోచి చేసింది కాదు, పన్నుకు బదులు ఇచ్చిన వరాల్లో ఒకటి.

ఇంతకూ ఆ 'స్వేచ్ఛ ఉన్న మనిషి' ఎవరు?

రెండో హెన్రీ కాలంలో, అంటే 1154 నుంచి 1189 వరకు, భూమి లాక్కున్నోని మీద రాజు కోర్టులో ఫిర్యాదు చేసే కొత్త దారులు తెరిచిన్రు. గొప్ప సంస్కరణ అని పుస్తకాలు పొగుడుతయి. నిజమే, గొప్పదే, కానీ స్వేచ్ఛ ఉన్నోనికి. విల్లెయిన్ అనే వెట్టి రైతుకు ఆ తలుపు మూసేసిన్రు. దొర వచ్చి 'వీడు నా విల్లెయిన్' అని నిలబెట్టుకుంటే చాలు, కేసు అక్కడనే కొట్టేస్తరు. భూమి సంగతి దొర కచేరీలోనే తేల్చుకోవాలె. అంటే కుక్క కరిచిందని కుక్కకే చెప్పుకోవాలె. వారానికి ఇన్ని దినాలు దొర పొలంలో వెట్టి, బిడ్డ పెండ్లికి దొరకు 'మెర్చెట్' అనే పన్ను. వెట్టి అంటే ఏందో మన తాతలను అడిగితే తెలుస్తది గనుక ఎక్కువ వివరించం. మాగ్నా కార్టాలో అంత పేరున్న 39వ నిబంధన రక్షణ ఇచ్చింది 'స్వేచ్ఛ ఉన్న మనిషికి' మాత్రమే. విల్లెయిన్ గురించి కూడా ఒక మాట రాసిన్రు లెండి. జుర్మానా వేసేటప్పుడు అతని సేద్యానికి కావాల్సింది గుంజుకోవద్దని. సేద్యం నడవకపోతే నష్టం ఎవనికో మీరే ఆలోచించున్రి.

ఇంకో తమాషా చూడున్రి. అదే మాగ్నా కార్టాలో 50, 51 నిబంధనలు పరాయివాళ్లను తరిమెయ్యమంటయి. జెరార్డ్ దతే అనేటోని చుట్టాలను పేరుపేరునా కొలువుల నుంచి తీసెయ్యాలని, విదేశీ కిరాయి సైనికులను వెళ్లగొట్టాలని రాసిన్రు. అడిగిన బారన్లు ఎవరు? మాటవరసకే ఇంగ్లీషువాళ్లు. తాతముత్తాతలు నార్మండీ నుంచి వచ్చినోళ్లే, ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచే! 1204లో ఫ్రాన్సు రాజు నార్మండీని గుంజుకోవడంతో అటు ఆస్తులు పోయినంక వీళ్లకు తాము ఇంగ్లీషువాళ్లమని గుర్తుకొచ్చింది. 1258లో మళ్లీ ఇదే పాట. కోటలు ఈ దేశంలో పుట్టినోళ్ల చేతిలోనే ఉండాలె, ఇక్కడి వారసురాళ్లను పరాయివాళ్లకు కట్టబెట్టొద్దు అని. ఆ ఉద్యమానికి పెద్ద ఎవరు? సైమన్ డి మాంట్‌ఫర్ట్. ఎక్కడ పుట్టిండు? ఫ్రాన్సులో! పరాయి రాజు చుట్టాల మీద ఆ కోపంలో న్యాయం లేదని మేము అనం. మూడో హెన్రీ తన లూసిన్యాన్ సవతి తమ్ముళ్లకు ఊర్లూ కొలువులూ పంచిపెట్టింది నిజం. కానీ దొరలు 'మేమే స్థానికులం' అన్నప్పుడు అందులో వెట్టివాడు ఉన్నడా లేడా అని చూడాలె. లేడు. అదీ మేము చెప్పేది.

దెబ్బ తిన్నోడే దెబ్బ కొట్టిన కథ

ఇప్పుడు సముద్రం దాటుదాం. 1169లో ఆంగ్లో-నార్మన్ దొరలు ఐర్లండులో దిగిన్రు. 1171లో రెండో హెన్రీ స్వయంగా పోయిండు. వెంట ఇంగ్లీషు చట్టం పోయింది. ఎవరికోసం? అక్కడ స్థిరపడ్డ ఇంగ్లీషువాళ్లకోసం. ఐరిష్ వాడు కోర్టులో దావా వేస్తే, ప్రతివాది లేచి 'ఇతను ఐరిష్ వాడు, నేను జవాబు చెప్పనక్కర లేదు' అంటే అయిపోయె. ఇది దొరలు దొంగచాటుగా ఆడిన నాటకం అనుకోకున్రి. కోర్టు రికార్డుల్లో బాజాప్తా నడిచిన వాదన ఇది. ఐదు రాజవంశాలకు మాత్రం మినహాయింపు ఉండె. అల్‌స్టర్ ఓనీల్, మీత్ ఓమెలాగ్లిన్, కనాట్ ఓకానర్, తోమండ్ ఓబ్రయన్, లెన్‌స్టర్ మెక్‌మరో. వీటిని 'ఐదు రక్తాలు' అన్నరు. ఆ రక్తం లేనోడు రాజు దగ్గర చార్టరు కొనుక్కుంటేనే కోర్టు దృష్టిలో మనిషి.

చంపితే? సుమారు 1310లో వాటర్‌ఫర్డ్‌లో నడిచిన కేసు ఒకటి ఉన్నది. రాబర్ట్ లె వాలిస్ అనేటోడు మెక్‌గిల్లెమరీ వంశపు జాన్ అనేటోన్ని చంపిండు. కోర్టులో 'అవును, చంపిన' అన్నడు. దాచలేదు, భయపడలేదు. చచ్చినోడు ఐరిష్ వాడు, స్వేచ్ఛగల రక్తం కాదు, కాబట్టి ఇది నేరమే కాదు, అతని యజమాని అడిగితే నష్టపరిహారం కడ్త అని వాదించిండు. పశువును కొట్టి చంపినోడు చెప్పే మాట ఇది! రాజు తరఫు వకీలు ఏమన్నడు? మనిషిని చంపుడు తప్పు అనలేదు. ఆ వంశానికి రెండో హెన్రీ నాడే ఇంగ్లీషు చట్టం దక్కింది గనుక ఇది నేరమే అన్నడు. ఈ ముచ్చట మేము కల్పించింది కాదు, ఐరిష్ పక్షం రాసుకున్నదీ కాదు. ఐర్లండులో ఇంగ్లీషు రాజు అటార్నీ జనరల్‌గా చేసిన జాన్ డేవిస్ 1612లో అచ్చేసిన పుస్తకంలోనే ఉన్నది.

ఇంగ్లండులో ఇంగ్లీషోని శవానికి విలువ లేదని రెండు వందల ఏండ్లకు పైగా జుర్మానాలు కట్టిన జాతి, ఐర్లండుకు పోయి ఐరిష్ శవానికి విలువ లేదన్నది. అత్త చేతి దెబ్బలు తిన్న కోడలు తాను అత్త అయినంక చేసే పనే ఇది. వాటర్‌ఫర్డ్ కేసు నడిచేనాటికి ఇంగ్లండులో ఇంగ్లీషరీ రుజువు ఇంకా రద్దు కూడా కాలేదు.

'ఆ కాలం అట్లాంటిది, ఎవరికీ తప్పనిపించలేదు' అని సర్దిచెప్పేటోళ్లున్నరు. అబద్ధం! ఆ కాలపు మనుషులకే తప్పనిపించింది. కేషెల్ ఆర్చిబిషప్ డేవిడ్ మెక్‌కార్వెల్ 1277 ప్రాంతంలో ఐరిష్ జనానికంతా ఇంగ్లీషు చట్టం ఇప్పించమని మొదటి ఎడ్వర్డుకు విన్నవించుకున్నడు. ఊరికే కాదు, ఏడెనిమిది వేల మార్కులు కడ్తమన్నడు. న్యాయం కోసం ఒక జాతి చందాలు పోగుచేసి కొనుక్కోవాలని చూసింది! రాజు మెత్తబడ్డడు గానీ బేరం తెగలేదు. ఐరిష్ వాళ్ల నోరు చట్టం ముందు మూసి ఉండుడే అక్కడి దొరలకు లాభం గదా. 1317లో డొనల్ ఓనీల్ ముందు నిలబడి ఐరిష్ నాయకులు పోప్ ఇరవై రెండో జాన్‌కు ఫిర్యాదు రాసిన్రు. మా మీద ఎవడైనా దావా వేయొచ్చు, మేము ఎవని మీదా వెయ్యలేం, మమ్మల్ని చంపితే శిక్ష లేదు అని మొర పెట్టుకున్నరు. 1331లో ఐరిష్‌కు, ఇంగ్లీషుకు ఒకటే చట్టం అని హుకుం వచ్చింది. అందులోనూ వెట్టివాళ్లను వదిలేసిన్రు. కాయితం మీది ఆ మాట కోర్టు గడపల దాకా పూర్తిగా చేరనూ లేదు.

ముప్పై అయిదు ఏండ్లకు చక్రం వెనకకు తిరిగింది. 1366లో కిల్కెన్నీ చట్టాలు. రాజు కొడుకు లయనల్ పెట్టిన పార్లమెంటు చేసింది. ఐర్లండులో ఉన్న ఇంగ్లీషువాళ్లు ఐరిష్ వాళ్లతో పెండ్లి చేసుకోవద్దు. వాళ్ల ఇండ్లల్లో పిల్లలను పెంపకానికి ఇయ్యొద్దు. ఐరిష్ పేరు పెట్టుకోవద్దు, ఐరిష్ భాష మాట్లాడొద్దు. జీను లేకుండా గుర్రం ఎక్కొద్దు. కట్టెలతో బంతి కొట్టే హర్లింగ్ ఆట ఆడొద్దు! భాష మార్చుకోకపోతే భూములు జప్తు, భూమి లేనోనికి జైలు. ఇంగ్లీషే మాట్లాడాలని ఉరిమిన ఈ చట్టాన్ని ఏ భాషలో రాసిన్రో తెలుసా? ఫ్రెంచిలో! ఆ లయనల్ పుట్టింది ఏ ఊర్లో? ఆంట్‌వెర్ప్‌లో!

ఆ చట్టంలోనే ఇంకో ముక్క ఉన్నది. ఇంగ్లండులో పుట్టిన ఇంగ్లీషువాళ్లు, ఐర్లండులో పుట్టిన ఇంగ్లీషువాళ్లు ఒకరినొకరు 'ఇంగ్లీషు హాబ్' అని, 'ఐరిష్ కుక్క' అని తిట్టుకోవద్దట. తిడితే ఏడాది జైలు. అంటే రక్తం ఒకటే అని చట్టం మొత్తుకుంటున్నా, లోపల్లోపల అసలు ఇంగ్లీషువాడు ఎవడు, వలసపోయిన ఇంగ్లీషువాడు ఎవడు అని కొట్లాట నడుస్తనే ఉన్నది. గీత గీసుడు మొదలుపెడితే అది పరాయివాని దగ్గర ఆగదు, అన్నదమ్ముల మధ్యకూ వస్తది.

వేల్స్ కథ చిన్నగా చెప్తం. 1284లో మొదటి ఎడ్వర్డు ఆ గడ్డను కలుపుకున్నడు. కార్నార్వన్, కాన్వీ లాంటి కోట పట్టణాల్లో ఇంగ్లీషువాళ్లను దించి, వ్యాపారం వాళ్లకు కట్టబెట్టిండు. 1400లో ఓవెన్ గ్లిండూర్ తిరుగుబాటు లేవగానే నాలుగో హెన్రీ పార్లమెంటు 1401, 1402లో చట్టాల మీద చట్టాలు చేసింది. వెల్ష్ వాడు ఇంగ్లండులో భూమి కొనొద్దు, కొలువు చేయొద్దు. వెల్ష్ వాడు వేసిన దావాలో వేల్స్‌లో ఇంగ్లీషువానికి శిక్ష పడొద్దు. వెల్ష్ ఆడమనిషిని పెండ్లాడిన ఇంగ్లీషువానికి కూడా కొలువు లేదు. దీని నుంచి బయటపడాలంటే 'ఇక నుంచి ఇతన్ని ఇంగ్లీషువానిగా లెక్కించాలె' అని కాయితం తెచ్చుకోవాలె. ఓవెన్ ట్యూడర్ అనే వెల్ష్ మనిషి 1432లో ఆ కాయితం తెచ్చుకున్నడు. ఐదో హెన్రీ విధవరాణి కేథరిన్‌ను పెండ్లాడిన మనిషికే ఆ గతి! ఆయన మనుమడే 1485లో ఏడో హెన్రీగా ఇంగ్లండు గద్దె ఎక్కిండు. మనుమడు రాజైనా ఆ చట్టాలు పుస్తకంలోనే ఉన్నయి. 1536లో ఎనిమిదో హెన్రీ వెల్ష్ వాళ్లకు సమాన హక్కులు ప్రకటించినా, పాత చట్టాలను కొట్టేసింది 1624లో.

మరి ఇంగ్లీషు చట్టం పరాయివాళ్లందరినీ తొక్కిందా? లేదు. పైసలున్న పరాయివానికి పీట వేసింది. 1353, 1354 చట్టాల ప్రకారం విదేశీ వర్తకుని కేసులో జ్యూరీ సగం విదేశీయులు ఉండొచ్చు. ఉన్ని కొని బంగారం ఇచ్చేటోడు అలగొద్దు గదా! యూదులు అప్పులిచ్చినంత కాలం రాజు సొత్తు అన్నరు, పిండుకున్నంత పిండుకుని 1290లో దేశం నుంచే వెళ్లగొట్టిన్రు. ఎవడు ఎంత పరాయి అన్నది ఖజానా త్రాసులో తూచి చెప్పిన్రు.

ఈ సగం జ్యూరీ ముచ్చట మన దేశం దాకా నడిచి వచ్చింది. 1883లో వైస్రాయ్ రిప్పన్ దగ్గర లా మెంబరుగా ఉన్న ఇల్బర్ట్ ఒక బిల్లు తెచ్చిండు. భారతీయ మెజిస్ట్రేట్లు, జడ్జీలు తెల్లవాళ్లను విచారించొచ్చని అందులో ఉన్నది. తెల్లవాళ్లు లొల్లి పెట్టిన్రు. 1884లో రాజీ కుదిరింది. తెల్ల ముద్దాయి కోరుకుంటే జ్యూరీలో సగమన్నా యూరోపియన్లో, అమెరికన్లో ఉండాలె అని. వాటర్‌ఫర్డ్ నుంచి మన జిల్లా కోర్టుల దాకా 'ముందు ఎవడో చెప్పు' అన్న ప్రశ్న అదే.

ఒక చేదు నిజం కూడా చెప్పకపోతే మేము రాసింది సగం రాత అవుతది. విల్లెయిన్లు ఊరికే కూర్చోలేదు. 1377లో దక్షిణ ఇంగ్లండులో ఊర్లకు ఊర్లు డూమ్స్‌డే పుస్తకం నకళ్లు తెప్పించుకుని, మా ఊరు పాత రాజభూమి, మేము వెట్టి చేయం అని మొండికేసినయి. ఓడించినోని పుస్తకంలోనే తమ హక్కు వెతుక్కున్నరు! 1381లో లేచిన రైతులు లండన్‌నే పట్టుకున్నరు. జూన్ 14న మైల్ ఎండ్‌లో పద్నాలుగేండ్ల రాజు రెండో రిచర్డు వెట్టి రద్దు చేస్తనని కాయితాలు ఇచ్చిండు. జూలై 2న ఆ కాయితాలు చెల్లవన్నడు. ఇచ్చిన మాటను ఇచ్చినోడే వెనకకు తీసుకోవడం మనకు కొత్త కాదు. కానీ ఆ జూన్‌లోనే లండన్ వీధుల్లో పొట్టకూటికి వచ్చిన ఫ్లెమింగ్ నేతగాళ్లను చర్చిలో దాక్కున్నా ఈడ్చుకొచ్చి తలలు నరికిన్రు. నేతగాడు ఎవని భూమి గుంజుకున్నడు? ఎవనితో వెట్టి చేయించుకున్నడు? తిరుగుబాటుదారుల మీద మాకెంత ప్రేమున్నా దీన్ని దాచిపెట్టం. దొరల మీది కోపం సాటి కష్టజీవి మెడ మీద పడ్డది. లాభపడ్డది దొరలే.

ఇక కోర్టు భాష సంగతి. ఫ్రెంచి జనానికి అర్థం కావడం లేదు, వాదనలు ఇంగ్లీషులో జరగాలె అని 1362లో చట్టం చేసిన్రు. అది రాసింది కూడా ఫ్రెంచిలోనే. రికార్డులు మాత్రం లాటిన్‌లోనే ఉండాలన్నరు. ఆ రికార్డుల దాకా సొంత భాష శాశ్వతంగా రావడానికి 1731 చట్టం కావాల్సి వచ్చింది. ప్రపంచం నెత్తిన ఇంగ్లీషు రుద్దినోళ్లకు సొంత కోర్టులో సొంత భాష దక్కడానికి అన్నేండ్లు పట్టింది.

కాబట్టి నల్లకోటు పెద్దమనుషులారా, మాగ్నా కార్టాను చించెయ్యమని మేము అనడం లేదు. చదవండి, చెప్పండి. 1215 పక్కన 1366 కూడా చెప్పండి. రన్నీమీడ్ బొమ్మ వేసిన పేజీలోనే వాటర్‌ఫర్డ్ కేసును కూడా అచ్చెయ్యండి. పీనుగ పక్కన నిలబడి 'వీడు ఇంగ్లీషోడే దొరా' అని చెప్పిన చుట్టాల గురించి పరీక్షలో ఒక్క ప్రశ్నన్నా అడగండి.